వైన్‌కు నీళ్ళు పెట్టిన మనిషి

రాజేశానికి తిట్లు రావు. పెదవి విరుపు మాత్రం మూడు రకాలుగా వచ్చు. క్యాంప్ మెస్సులో పప్పు పలచగా ఉంటే ఒక పక్కకు విరుస్తాడు. హెల్మెట్ పెట్టుకుని ఎండలో ఫోటో దిగి ఏసీ కారెక్కే సేఫ్టీ ఆఫీసర్లను చూస్తే రెండు పక్కలా విరుస్తాడు. హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష తోటలు పెట్టిన పెద్దమనుషుల మాట వస్తే మాత్రం విరిచి, ఆగి, పక్కకు తిరిగి ఉమ్మేస్తాడు.

ఖతార్‌లోని మెసయీద్‌లో మా కంపెనీ స్టోర్‌లో బోల్టులు, బూట్లు ఇచ్చే పని నాది. ఆయన స్కాఫోల్డింగ్ మనిషి, అంటే ఎత్తుకు ఇనుప పరంజాలు కట్టేవాడు. చేతి తొడుగులు చిరిగినప్పుడల్లా వచ్చేవాడు. కొత్తవి ఇస్తే తీసుకుని వెంటనే పోడు. వేళ్ళు ఒక్కొక్కటే దూరుస్తూ ఏదో ఒకటి చెబుతాడు. నాకు వినడం ఇష్టం. చదువు పదో తరగతితో ఆగిన నాబోటివాడికి మనుషులే పుస్తకాలు. అలా నాలుగేళ్ళలో, చిరిగిన తొడుగుల పుణ్యమా అని, ఒక ద్రాక్ష సీమ చరిత్ర నాకు తెలిసింది.

రాజేశంది జగిత్యాల దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళప్పుడు మేనమామ వెంట మేడ్చల్ వైపు ఒక సేటు తోటలో పనికి కుదిరాడు. పదకొండేళ్ళు అక్కడే. ఇనుప తీగల పందిరి మీద పాకిన ద్రాక్షను ఎక్కడ కోయాలో, ఎక్కడ వదలాలో మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. చుట్టుపక్కల పది తోటలకు కత్తిరింపు పడితే ఈయనకే కబురు వచ్చేదట.

"తమ్మీ, సేటుకు తోట ఎందుకో ఎరికేనా?" అని అడిగాడు ఒకసారి.

"పండ్లకు కాదా అన్నా?"

"పండ్లు కోమటోళ్ళు తిన్నరు, పిట్టలు తిన్నయి. సేటుకు తోట పేరు గావాలె. తోట ఉంటె రైతు. రైతంటె కరెంటు వస్తది, బ్యాంకోడు ఇంటికొస్తడు, పేపర్ల ఫోటో వస్తది. పట్నంల నాలుగు దుకాన్లున్నోడు గూడ మంత్రి వచ్చిన్నాడు తెల్ల ధోతి కట్టి పందిరి కింద నిలవడ్డడు. నా చేతిల కత్తెర గుంజుకొని ఫోటో దిగిండు. ఉల్టా పట్టుకున్నడు."

పెదవి విరిచాడు. పక్కకు తిరగలేదు, స్టోర్‌లో నేల శుభ్రంగా ఉంది.

"తోట ఉన్నోడే సర్పంచ్. తోట ఉన్నోడే సొసైటీ చైర్మన్. కూలి పెంచమని అడుగుదామంటె సర్పంచ్‌ను అడగాలె. సర్పంచ్ ఎవలు? సేటు. పోలీస్ పటేల్ లెక్క మాట్లాడేటోడు. 'అరే రాజేశం, అనాబ్షాయి మన రాజ్యం ఇజ్జత్‌రా' అంటడు. ఇజ్జత్ ఆయనకు, పురుగుల మందు కొట్టుడు మాకు. ముక్కుకు గుడ్డ గూడ ఇయ్యలే."

అనాబ్షాయి అంటే అనాబ్-ఎ-షాహి. లావుపాటి గింజ, తెల్లటి ద్రాక్ష. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపట్ల ఆ రకానికి ఎంత పేరో మా పెద్దవాళ్ళూ చెప్పేవారు. తరువాత నీళ్ళు లోతుకు పోయాయి, భూముల ధర పైకి పోయింది. రాజేశం సేటు పద్దెనిమిదో బోరు కూడా ఎండాక ఇక పందిరిని మోయదలచుకోలేదు. ప్లాట్లు వేశాడు.

"నేను నాటినయి నాతోనే నరికిపిచ్చిండు. నరికినంక గేటు కట్టి దానికి సిమెంటు ద్రాక్ష గుత్తి పెట్టిండు. వెంచర్ పేరు ద్రాక్షవనం. లోపల పోయి చూస్తె తీగ అన్నది మచ్చుకు లేదు. బతికిన దానికి ఇలువలేదు, సచ్చిన దాని పేరుకు గజం లెక్కన రేటు."

ఈసారి బయటకు వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

అక్కడ ఆయన నేర్చుకున్న ఇంగ్లీషు మాట ఒక్కటే. తోటకు వచ్చే హార్టికల్చర్ ఆఫీసర్లు తీగను 'వైన్' అనేవారట. "రాజేశం, ఈ వైన్ కట్ చెయ్" అనేవారట. ఆ మాటంటే ఆయనకు కాస్త గర్వం. మన దగ్గర 'వైన్స్' అంటే మందు దుకాణం కదా, ద్రాక్షసారా తప్ప అక్కడ అన్నీ దొరుకుతాయి కదా, ఎప్పుడూ తికమక పడలేదా అని అడిగితే తేలిగ్గా కొట్టేశాడు. "దాని చివరకు స్ ఉంటది తమ్మీ. దీనికి ఉండది."

జనవరి మొదటి వారంలో అర్ఫాత్ అనే బంగ్లాదేశీ డ్రైవర్ ఒక కబురు తెచ్చాడు. ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దారిలో ఒక పెద్దాయన మజ్రా, అంటే పొలం, ఉంది. అందులో ద్రాక్ష పందిరి ఉంది. మూడేళ్ళుగా కత్తెర పడక అడవిలా అల్లుకుంది. మేనేజర్ ముజఫ్ఫర్ అలీ పాకిస్తానీ. క్వెట్టా వైపు మనిషి. తీగ తెలిసిన పనివాడు కావాలంటున్నాడు. నెలాఖరు దాటితే మొగ్గలు ఉబ్బుతాయి, ఇక ఆ ఏడాదికి కత్తెర పెట్టకూడదు. మనిషి ఆలోగా దొరకాలి, లేకపోతే పందిరి పీకేసి ఖర్జూరం పెట్టమని యజమాని చెప్పాడట.

రాజేశానికి యాభై దాటాయి. కుడి మోకాలు మెట్లెక్కనివ్వదు. స్కాఫోల్డింగ్ అంటేనే ఎక్కడం. ఇంకో వేసవి పైన నిలబడితే పడతానని ఆయనకే తెలుసు. ఈ పని దొరికితే నేల మీద నిలబడి, తనకొచ్చిన విద్యతో బతకొచ్చు. దొరక్కపోతే ఊరికి పోవడమే.

అడ్డం ఒక్కటే. అనుభవం ఉన్నట్టు ఇంగ్లీషులో ఉత్తరం కావాలన్నాడు ముజఫ్ఫర్ అలీ. తోటే లేదు, సేటు ఎక్కడున్నాడో తెలియదు. సంతకానికి విలువున్న పెద్దమనిషి ఎవరు రాసినా చాలన్నాడు.

మాకు తెలిసిన పెద్దమనిషి వేణుగోపాలరావు గారు. మా కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు, విజయవాడ మనిషి, దోహా పక్క ముఐథర్‌లో విల్లా. ఆయన సంగతి చెప్పాలంటే, కిందటి వేసవిలో ఎనిమిది రోజులు ఫ్రాన్స్ టూర్ వెళ్ళివచ్చారు. అందులో ఒకటిన్నర రోజు షాంపేన్ సీమ. ఆ ఒకటిన్నర రోజును ఆరు నెలలుగా వడ్డిస్తున్నారు. శుక్రవారం సాయంత్రం నలుగురిని పిలిచి గోడ మీద బొమ్మలు వేసి ప్రసంగిస్తారు. ఉత్తరం అడిగితే, "ఈ శుక్రవారం ఉపన్యాసానికి రండి, అయ్యాక రాసిస్తాను" అన్నారు. అంటే ముందు వినాలి. ఇద్దరం వెళ్ళాం.

సోఫాల్లో ఏడెనిమిది జంటలు. పొడుగు కాడ గ్లాసుల్లో బుడగల ద్రాక్షరసం. మందు కాదు, కానీ పట్టుకునే తీరు అంతా మందుదే. రాజేశం వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వేణుగోపాలరావు గారి భార్య అరుంధతి గారు కుర్చీ తెచ్చి వేసి, "కూర్చోండి" అన్నారు. ఆ ఇంట్లో ఆయనకు 'అండి' దక్కింది ఆవిడ దగ్గరే.

"షాంపేన్ అనేది డ్రింక్ పేరు కాదండీ, ఒక ప్రాంతం పేరు," అని మొదలుపెట్టారు వేణుగోపాలరావు గారు. "పంతొమ్మిది వందల ఎనిమిదిలో ప్రభుత్వం మ్యాప్ మీద గీత గీసింది. గీత లోపల పండితే షాంపేన్. బయట పండితే ఉత్త ద్రాక్ష. ఆ గీత కోసం మనుషులు కొట్టుకున్నారండీ. వ్యాపారులు బయటి పంట తెచ్చి కలిపేస్తున్నారని లోపలి రైతులు వాళ్ళ కొట్ల మీద పడ్డారు. తరతరాలుగా మా పంట మీరే కొన్నారు కదా, ఇప్పుడు బయటివాళ్ళం ఎలా అయ్యామని అవతలి రైతులు జెండాలెత్తారు. పీపాలు పగిలి వీధుల్లో ఏరులు. పంతొమ్మిది వందల పదకొండులో సైన్యం దిగింది."

కథ బాగానే ఉంది. చెప్పేవాడి గొంతులో మాత్రం ఆ గీత తానే దగ్గరుండి గీయించినంత దర్జా. అతిథులు తలలూపుతూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ గదిలో నిజంగా విన్నది రాజేశం ఒక్కడే. చెయ్యెత్తాడు.

"సార్, కత్తిరించేటోళ్ళు గీతకు ఏ దిక్కున్నరు?"

"ఎవరు?"

"తీగ కత్తిరించేటోళ్ళు. కూలోళ్ళు."

వేణుగోపాలరావు గారు నవ్వారు. "ఇక్కడ పాయింట్ అది కాదు రాజేశం. పాయింట్ ఏంటంటే టెర్వార్."

"ఆయన ఎవలు సార్?"

సోఫాలన్నీ ఒక్కసారి నవ్వాయి. ఒకావిడకైతే ద్రాక్షరసం పొలమారింది.

"మనిషి కాదయ్యా. మట్టి, గాలి, ఎండ, అన్నీ కలిపి ఆ మాట. మట్టి గొప్పతనం."

"గొప్పదే సార్," అన్నాడు రాజేశం. "తవ్వినోనికి తెలుస్తది." పెదవి రెండు పక్కలా విరిగింది. ఎవరూ చూడలేదు.

అందరూ వెళ్ళాక ఉత్తరం. "ఏం పని చేశావన్నావు?" అని అడిగారు ఆయన, కంప్యూటర్ మీద వేళ్ళు పెట్టి.

"వైన్ పని సార్. వైన్ కత్తిరించుడు, కట్టుడు. పదకొండేండ్లు."

ఆయన టకటకా కొట్టి, అచ్చు తీసి, సంతకం పెట్టి ఇచ్చారు. తాను రాసింది మళ్ళీ చదవడం ఆయన స్థాయికి తగని పని. నేను అడిగి చూసుకుందామనుకునేలోగా రాజేశం దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బనియన్ లోపల దోపేశాడు, చెమట తగలకుండా పైన ఇంకో కవర్ చుట్టి.

మరుసటి శుక్రవారం అర్ఫాత్ బండిలో పొలానికి వెళ్ళాడు. సాయంత్రం తిరిగివచ్చి నా గదిలో కూర్చుని జరిగింది చెప్పాడు. ముజఫ్ఫర్ అలీ గడ్డం నెరిసిన మనిషి, మర్యాదగానే చాయ్ ఇచ్చాడట. ఉత్తరం చదువుతూ చదువుతూ మొహం మాడ్చుకున్నాడట.

"యే క్యా హై భాయ్? వైన్ కా కామ్?"

"హా సాబ్," అన్నాడట రాజేశం హుషారుగా. "గ్యారా సాల్."

"వైన్ మే క్యా కర్తే థే?"

"సబ్ కర్తా థా సాబ్. వైన్ కాట్నా, వైన్ బాంధ్నా. రోజ్ సుబే ఉఠ్ కే వైన్ కో పానీ దేతా థా."

"పానీ?"

"బహుత్ పానీ, సాబ్. పానీ నై దియే తో సేట్ గాలీ దేతా." నీళ్ళు పెట్టకపోతే సేటు తిట్టేవాడని.

ముజఫ్ఫర్ అలీ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడట. ఇది ముసల్మాను పొలం, ఇక్కడికి సారా వ్యాపారం చేసినవాడిని తేవడమే తప్పు, అందులో సారాలో నీళ్ళు కలిపేవాడినని మొహం మీదే చెప్పుకుంటున్నాడని మండిపడ్డాడట. మాఫీ కామ్, పని లేదు పో, అన్నాడట.

"నేనేం తప్పు మాట్లాడిన తమ్మీ? తీగకు నీళ్ళు పెట్టకుంట ఎవలు పెంచుతరు?"

ఉత్తరం విప్పి చూశాను. పదకొండేళ్ళు వైన్ రంగంలో అపార అనుభవమని, దక్కన్ వైన్ సంప్రదాయంలో ఆరితేరిన చెయ్యి అని ఉంది. ప్రతి చోటా డబ్ల్యూ. మొత్తం అయిదు డబ్ల్యూలు.

చెప్పాను. ఇంగ్లీషులో 'వ'లు రెండు. వి పెడితే తీగ. డబ్ల్యూ పెడితే సారా. మన నోటికి రెండూ ఒకటే.

చాలాసేపు కాగితం చూశాడు. "మనకు ఒక్క వ తోటి వెయ్యేండ్ల సంది నడుస్తున్నది గదా. ఆళ్ళకు రెండెందుకు?"

నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. తప్పు ఆయనది కాదు. చదువుకున్నవాడిది. ద్రాక్ష గురించి ఆరు నెలలు ప్రసంగించిన నోటికి, ఎదురుగా నిలబడ్డ ద్రాక్ష పనివాడు ఏ మాట అన్నాడో వినే ఓపిక లేకపోయింది.

శనివారం డ్యూటీ దిగి ముఐథర్ వెళ్ళాం. వేణుగోపాలరావు గారు గుమ్మంలోనే నిలబెట్టి కాగితం అందుకున్నారు.

"నువ్వు వైన్ అన్నావు, నేను వైన్ రాశాను. ఇందులో నా తప్పేముంది?"

"ఏవండీ," అన్నారు లోపలి నుంచి అరుంధతి గారు, "తీగకి వి కదా?"

"నాకు తెలుసు. అసలు ఫ్రెంచిలో రెండిటికీ వి యే. మూలంలో రెండూ ఒకటే. ఆ మేనేజర్‌కి చరిత్ర తెలీదు."

"ఆయనకు చరిత్ర వద్దంట సార్," అన్నాడు రాజేశం. "కత్తెర పట్టేటోడు గావాల్నంట. గా అక్షరాలు మార్చిస్తిరంటె..."

"మార్చడం అంటే నేను తప్పు రాశానని ఒప్పుకున్నట్టు కాదూ? ఒకే పనికి ఒకే మనిషి రెండు ఉత్తరాలిస్తే నా క్రెడిబిలిటీ ఏమవుతుంది? అయినా రేపు లీవ్ మీద ఇండియా వెళ్తున్నాను. వచ్చే నెల పదో తారీఖు తర్వాత కనపడు. వివరంగా ఇంకోటి, కొత్త డేట్ వేసి రాస్తాను."

వచ్చే నెల పదికి మొగ్గలు విచ్చి ఆకులవుతాయి. ఆ మాట ఆయనకు రాజేశం రెండుసార్లు చెప్పాడు. ఆయన గడియారం చూసుకున్నారు. అరుంధతి గారు ఏదో అనబోయి, భర్త మొహం చూసి, మాకు మంచినీళ్ళు తెచ్చారు. తాగి వచ్చేశాం. నా పాత కారులో రాజేశం ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, చెప్పులోకి దూర్చుకున్నాడు. మడమ దగ్గర చెప్పు అరిగిపోయి ఉంది. ఆ చోటుకు అది సరిగ్గా సరిపోయింది.

నెల చివరి శుక్రవారం నన్నే కారు తీయమన్నాడు. ఉత్తరం లేదు. మెసయీద్ ఇనుప సామాన్ల దుకాణంలో కొన్న కొత్త కత్తెర ఒకటి చేతిలో ఉంది. రెండు గంటల దారి పొడుగునా దాన్ని తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. "బిగుసుగ ఉన్నది. చైనాది," అని ఒక పక్కకు పెదవి విరిచాడు.

గేటు దగ్గర ముజఫ్ఫర్ అలీ మమ్మల్ని చూడగానే, "ఆ గయా పానీవాలా," అన్నాడు. నేను దిగి, ఇసుకలో వేలితో రెండు అక్షరాలూ రాసి, నాకొచ్చిన ఉర్దూలో సంగతి చెప్పాను. ఆయన ఆ ఇసుకను, రాజేశాన్ని మార్చి మార్చి చూశాడు. నమ్మినట్టు లేదు. ఇంగ్లీషు చదివిన ఇంజనీరుకు ఆ పాటి తేడా తెలియదా అని అడిగాడు.

"ఏక్ బేల్ దో సాబ్," అన్నాడు రాజేశం. ఈసారి వైన్ అనలేదు, తీగను ఉర్దూలో బేల్ అన్నాడు. "ఏక్. పసంద్ నై ఆయా తో యల్లా, చలా జాతా." నచ్చకపోతే వెళ్ళిపోతానని.

పందిరి దగ్గరకు తీసుకుపోయాడు. ఆకు రాలి, ఎండిన తాళ్ళ గుట్టలా ఉంది. పీకేసినా పాపం లేదనిపించింది నాకు. రాజేశం వెంటనే కత్తెర పెట్టలేదు. ఒక తీగ చుట్టూ రెండు మార్లు తిరిగాడు. మొదలు పట్టుకుని కదిపాడు. ఒక పుల్ల విరిచి లోపలి రంగు చూశాడు. ఇంకోటి విరవకుండా వంచి వదిలాడు. మోకాలి నొప్పి సంగతి మరిచి గొంతుక్కూర్చుని కింది నుంచి పైకి చూశాడు. పావుగంట అయింది. తొందరపెట్టని మేనేజర్‌ను ఖతార్‌లో నేను చూడటం అదే మొదటిసారి.

తరువాత మొదలుపెట్టాడు. మొగ్గకు ఎదురుగా వాలు పెట్టి కోత. ఒకటి, ఇంకొకటి. గుట్ట నేల మీద పడుతోంది, పైన నాలుగు చేతులు చాచిన చెట్టు ఆకారం బయటికొస్తోంది. అరగంటలో ఒక తీగ తేలింది.

"నీ ఊళ్ళో ఏడాదికి ఎన్నిసార్లు కోస్తారు?" అని ఉర్దూలో అడిగాడు ముజఫ్ఫర్ అలీ.

"దో బార్. ఎండకాలం ఏక్, దసరా కే బాద్ ఏక్."

ఆయన మొహం మళ్ళీ మారింది. "రెండుసార్లా? మా క్వెట్టాలో అట్లా చేస్తే తీగ చస్తుంది. ఇక్కడా అదే చేస్తావా?"

"నై సాబ్. యహా ఏక్. యే సోయా హై." ఇది నిద్రలో ఉందంటూ రాజేశం ఆకు లేని కొమ్మను వేళ్ళతో నిమిరాడు. "మా దిక్కు ఆకు రాలది, తీగ పండుకోదు. చలి లేక అనేటోళ్ళు ఆఫీసర్లు. చలి గాదు, సేట్లు. ఆళ్ళు తీగను గూడ పండుకోనియ్యలే."

చివరి మాటలు తెలుగులో అన్నాడు. నేను ఉర్దూలో చెప్పాను. ముజఫ్ఫర్ అలీ తన గడ్డంలో తాను నవ్వుకుని, పందిరి చివరి దాకా చెయ్యి చూపించి, "బాకీ సబ్," అన్నాడు. మిగిలినవన్నీ నీవే అని. కాగితాల సంగతి ఆదివారం ఆఫీసులో చూస్తానన్నాడు. చూశాడు కూడా, ఫిబ్రవరి నాటికి రాజేశం క్యాంప్ ఖాళీ చేశాడు.

వేణుగోపాలరావు గారు సెలవు నుంచి తిరిగివచ్చి విన్నారు. ఇప్పుడు శుక్రవారం ప్రసంగంలో కొత్త బొమ్మ ఒకటి చేరింది. ఖతార్‌లో ద్రాక్ష పందిరి, దాని ముందు తాను. అక్కడి పనివాడిని తానే పెట్టించానని, తన ఉత్తరం లేకపోతే ఆ తోట ఉండేదే కాదని చెబుతున్నారట. సేటు కనీసం కత్తెరను ఉల్టాగా అయినా పట్టుకున్నాడు. ఈయనకు అది పట్టుకోవాలని కూడా తోచలేదు. ఈ ప్రసంగం సంగతి చెబితే రాజేశం ఉమ్మేస్తాడనుకున్నాను. "పోనీ తమ్మీ, ఆయన గీతకు ఆ దిక్కే ఉండనీ," అన్నాడంతే.

పని ఖాయమైన రోజు మాత్రం పొలం గేటు దాటకముందే ఊరికి ఫోన్ కొట్టాడు. స్పీకర్‌లో పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను. అవతల భార్య గంగామణి.

"పని మారిందే."

"దుబాయ్‌లనేనా?"

"దుబాయ్ గాదే, ఖతార్. వందసార్లు చెప్పిన."

"ఏదో ఒక దుబాయ్. ఏం పని?"

"ద్రాక్ష."

అవతల కోళ్ళను అదిలించి ఆమె మళ్ళీ ఫోన్ దగ్గరకు వచ్చింది.

"గా సేటు సచ్చి ఆడ పుట్టిండా?"

"లేదే. ఈడ మేనేజర్ మంచోడు."

"మొదట అందరు మంచోళ్ళే." ఆమె కూడా అదే తోటలో పనిచేసిన మనిషని, అక్కడే ఇద్దరికీ పెళ్ళి మాట కుదిరిందని నాకు అప్పుడే తెలిసింది. "సరే, కోసుడు నీకొస్తది. గుత్తులు దిగినంక గింజలు కొన్ని తీసి పలచన ఎవలు జేస్తరు? ఆడోళ్ళు ఎంతమంది ఉన్నరు?"

రాజేశం నా వైపు చూశాడు. "ఎవ్వలు లేరు. నేనే."

"నువ్వా?" ఆమె నవ్వులో జాలి అన్నది లేదు. "పదకొండేండ్లల ఒక్క గుత్తి ముట్టనిచ్చినమా నిన్ను? గవి కట్టెలు కోసే చేతులు. గింజకు గోరు తగిలితె మచ్చ పడ్తది. మచ్చ పడ్డదాన్ని గాడిద గూడ తినది. కత్తెర మొన లోపలికెల్లి పెట్టాలె, బయటికెల్లి గాదు. గుత్తి భుజాలు ఇడువాలె, నడుమ తియ్యాలె. ఎరికేనా నీకు?"

ఎరుక లేదు. జేబులు తడుముకుని, నా చొక్కాకున్న పెన్ను లాక్కుని నా చేతిలోనే పెట్టి, రాయమని సైగ చేశాడు.

"జర మెల్లగ చెప్పు," అన్నాడు ఫోన్‌లో. "తమ్ముడు రాస్తున్నడు."

"రాస్తె వచ్చే పని గాదది," అంది గంగామణి. "గుత్తులొచ్చినంక వీడియో కాల్ చెయ్యి. ముంగట నువ్వు జేసిన ఒక్క గుత్తి నేను చూస్త. నేను సరే అన్నంక రెండోది ముట్టు."